నలభై రోజుల మోత

గుర్రానికి నగరాన్ని నేర్పడం ఎలాగో చెప్పే పుస్తకం ఎవరైనా రాశారో లేదో తెలియదు. రాసి ఉన్నా నిదానం మాస్టారు దాన్ని తెరిచి ఉండడు. పోలీసు గుర్రపు దళంలో ముప్పై ఏళ్ళుగా కొత్త గుర్రాలకు వీధులు అలవాటు చేస్తున్నది ఆయనే. ఏ మలుపులో బస్సులు బుసకొడతాయో, ఏ బట్టల దుకాణం అద్దంలో తన రూపం చూసుకుని గుర్రం తుళ్ళిపడుతుందో, డెక్క పడగానే ఏ మురుగు మూత డబ్బాలా మోగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇంత తెలిసినవాడికి ఇంకొకడు చెప్పేదేముంటుంది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మంచివాడే, కాదనను. కానీ మంచివాడి మొండితనానికి ఎవరూ అడ్డు చెప్పరు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ పేరు దళంలో వాళ్ళు పెట్టింది. జీను పట్టీ హడావిడిగా బిగించేవాడు కనబడినా, భోజనాల దగ్గర తోసుకునేవాడు కనబడినా, "నిదానం నాయనా, నిదానమే ప్రధానం" అంటాడు. విచిత్రమేమిటంటే ఆ నిదానమంతా మనుషులకే. గుర్రాలకు ఆయన పెట్టేది మోత.

గుర్రపుశాల వెనక నాలుగు వైపులా ఎత్తు గోడలున్న ఖాళీ జాగా ఒకటుంది. కొత్త గుర్రాన్ని అక్కడ గుంజకు కట్టి, మొదటి వారం చెవి పక్కన రేకు డబ్బా వాయిస్తాడు. రెండో వారం ఇనప పీపా. మూడో వారం బ్యాటరీకి తగిలించిన లారీ హారను. ఇరవై రెండో రోజు నుంచి పిస్తోలు, గుండు లేని తూటాలతో, చెవికి జానెడు దూరంలో. అలా నలభై రోజులు. "ఇక్కడ ఇంత మోత విన్నాక వీధిలో మోత దానికొక లెక్కా?" అనేది ఆయన సిద్ధాంతం. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే ముప్పై ఏళ్ళు ఎవరూ మారు మాట్లాడలేదు.

ఆ సిద్ధాంతానికి సాక్ష్యం కూడా ఉంది. దాని పేరు బండ.

బండ బూడిదరంగు మగగుర్రం. పన్నెండేళ్ళ కిందట వచ్చినప్పుడు ఆకు కదిలినా గంతులేసేది. ఇరవై రెండో రోజు మాస్టారు దాని ఎడమ చెవి దగ్గర మూడు తూటాలు, కుడి చెవి దగ్గర మూడు తూటాలు పేల్చాడు. గుర్రం ముందు కాళ్ళెత్తి లేచింది, తల విదిలించింది, గంటసేపు వణికింది. మర్నాటికల్లా బండరాయి. ఆ తర్వాత పక్కన పిడుగు పడినా తోక కదపలేదు. ఊరేగింపుల్లో, అల్లర్లలో, అగ్నిమాపక వాహనాల మధ్య అది పార్కులో ముసలాయనలా నడిచేది. గుర్రమెక్కడం పెద్దగా రాని దళాధికారి కూడా దాని మీద నిశ్చింతగా కూర్చునేవాడు. "ఒక్క రాత్రిలో దారికొచ్చింది" అని మాస్టారు ఆ కథ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. కొత్త గుర్రం వీధి పరీక్షకు వెళ్తే బండ వెనకే వెళ్ళాలనే నియమం కూడా ఆయన పట్టుబట్టి పెట్టించిందే.

ఆయన ఉద్యోగం ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా పిట్ట వచ్చింది.

పిట్ట ఎర్రగోధుమ రంగు ఆడగుర్రం. కొండ పచ్చికల్లో పెరిగింది. తారు రోడ్డంటేనే ఎరగదు. రోడ్డు మీద గీసిన తెల్ల గీతల్ని కాలవలనుకుని దూకేది. బస్సు ఆగుతూ "స్స్" అంటే పాములాగేదో వచ్చిందన్నట్టు పక్కకి గెంతేది. అందుకే ఆ పేరు. అయినా మాస్టారికి దాని మీద ఎక్కడలేని ముద్దు. పొద్దున ఆయన బల్ల మీద కూర్చుని రోజువారీ పుస్తకం రాసుకుంటుంటే వెనకనుంచి వచ్చి ఆయన భుజం మీద గడ్డం ఆనించేది. భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు, మధ్యాహ్నం భోజనం చెల్లెలింట్లో. ఆయన భుజం మీద తల ఆనించే ప్రాణి ఈ లోకంలో ఇంకోటి లేదు. ఆయన కదలకుండా కూర్చునేవాడు, రాయాల్సింది అయిపోయినా.

నలభయ్యో రోజున పరీక్ష. అందులో బెదిరిన గుర్రానికి ఇంకో అవకాశం ఇస్తారు. తోటి గుర్రం మీద పడినదానికీ, కరిచినదానికీ ఇవ్వరు. పనికిరాదని రాసిన గుర్రాల కోసం నెల మొదట్లో ఒక లారీ వస్తుంది. అది ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. కబేళా అనే మాట మాత్రం ఎవరూ నోటితో అనరు. "లారీ ఎక్కింది" అంటారు, అంతే.

పంతొమ్మిది రోజుల మోత అయింది. పిట్ట గుంజ దగ్గర ఒళ్ళంతా చెమటతో నిలబడేది. వీధిలోకి బండ వెనక తీసుకెళ్తే మరీ అన్యాయం. ఒక్క క్షణం కుదురుండదు. ఒక చెవి రోడ్డు మీద, ఒక చెవి బండ మీద. అటూ ఇటూ తిరిగి తిరిగి ఆ చెవులు అలిసిపోతాయేమో అనిపించేది. మామూలుగా కొత్త గుర్రం పాత గుర్రం నిబ్బరం చూసి తానూ కుదుటపడుతుంది. ఇది బండను చూసిన కొద్దీ ఎక్కువ కంగారు పడుతోంది. ఎందుకో మాస్టారికి అంతు చిక్కలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున లాడాల బావ వచ్చాడు.

ఈ బావ మాస్టారి చెల్లెలి మొగుడు. దళంలోని గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టేది అతనే. పొట్టి మనిషి, పెద్ద నోరు. బావమరిది బతకగోరు అనే సామెతకి తగినవాడే కానీ, బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేయకుండా వదలడు.

ఆ రోజు బండ కాలు ఒళ్ళో పెట్టుకుని పాత లాడం ఊడదీస్తుంటే, గోడకి ఆనించిన పెద్ద ఇనప రేకు జారి సిమెంటు నేల మీద పడింది. శాల అదిరిపోయింది. మిగతా పద్నాలుగు గుర్రాలూ ఒక్కసారి తలలెత్తాయి. పిట్ట గొలుసు తెంచుకున్నంత పని చేసింది. పైన చూరులో పావురాలు లేచిపోయాయి. లాడాల బావ తానే ఎగిరి వెనక్కి పడ్డాడు. బండ మాత్రం గడ్డి నములుతూనే ఉంది.

"చూశావా బావా, అదీ నిబ్బరమంటే!" అన్నాడు మాస్టారు మురిసిపోతూ.

లాడాల బావ ప్యాంటు దులుపుకుంటూ లేచాడు. "నిబ్బరమా, చెవుడా?"

"నీ మొహం."

"కాదు బావా, చాలా కాలంగా అడుగుదామనుకుంటున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుతున్నావా అన్నాడట. నీ గుర్రం సంగతి అట్లాగే ఉంది. నేనొచ్చి పలకరిస్తే ప్రతి గుర్రమూ చెవి తిప్పుతుంది. ఇది మాత్రం నా చెయ్యి పడేదాకా నేనొచ్చినట్టే ఎరగదు. పడగానే ఉలిక్కిపడుతుంది."

"భయం లేని గుర్రానికి చెవులు తిప్పే పనేముంటుంది?"

"భయం లేదు సరే. ఆకలి ఉంటుందిగా? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నారు. దాని వెనక నిలబడి దాణా బకెట్టు మోగించి చూడు. చెవి తిప్పిందా, నా మీసం తీసేస్తా."

మాస్టారు నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నాడు గానీ ఆ మాట ఊరుకోలేదు. మధ్యాహ్నం చెల్లెలింట్లో కంచంలో ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు. "ఏంటన్నయ్యా, కూరలో ఉప్పెక్కువైందా?" అని చెల్లెలు అడిగితే, బాగుందమ్మా అని చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాడు.

శాలలో మిగతా గుర్రాల్ని ఆవరణలోకి తోలించాడు. అవి ఉంటే వాటి కదలిక చూసి బండ కూడా తిరుగుతుంది, అప్పుడు ఏదీ తేలదు. బండ ఒక్కటే గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఆయన చెప్పులు విప్పి వెనకగా వెళ్ళి, దాణా బకెట్టులో గరిట పెట్టి గిలకొట్టాడు. ఏ గుర్రమైనా నిద్రలోంచి లేచి వచ్చే చప్పుడది. బయట ఆవరణలోంచి నాలుగు గుర్రాలు సకిలించాయి. బండ చెవి కదలలేదు. ఇంకా గట్టిగా మోగించాడు. పేరు పెట్టి పిలిచాడు. పెద్దగా అరిచాడు. గోడనే చూస్తూ నిలబడి ఉంది అది, ఓపిగ్గా.

భయం లేని గుర్రం ఉండొచ్చు. ఆకలి లేని గుర్రం ఉండదు.

మాస్టారు బకెట్టు కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు. ఇరవై రెండో రోజు. ఎడమ చెవి దగ్గర మూడు, కుడి చెవి దగ్గర మూడు. ఒక్క రాత్రిలో దారికొచ్చిందని పన్నెండేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న కథ ఇదన్నమాట. గుర్రానికి ధైర్యం నేర్పలేదు ఆయన. చెవులు పోగొట్టాడు. కంచే చేను మేసింది. మిగిలిన గుర్రాల్లో ఎన్నిటికి సగం చెవుడో లెక్కవేసుకోవడానికి కూడా ఆయనకు ధైర్యం చాలలేదు. కాసేపటికి బండ తనంతట తానే వెనక్కి తిరిగి, ఆయన్ని చూసి, అలవాటుగా తల ముందుకు చాచింది. ఆయన దాని చెవుల వెనక గోకాడు. చాలాసేపు గోకాడు.

పిట్ట కంగారు ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. గుర్రాలు ఒకదాని చెవుల్ని ఒకటి చూసుకుని నడుస్తాయి. ముందు గుర్రం చెవి అటు తిరిగితే అటేదో ఉందని వెనక గుర్రానికి తెలుస్తుంది. బండ చెవులు ఎటూ తిరగవు. ముందున్నది ఏమీ వినడం లేదని ఆ కొండగుర్రానికి మొదటి రోజే తెలిసిపోయింది. మాస్టారికి పన్నెండేళ్ళు పట్టింది. అది వినడం లేదు కాబట్టి రెండింటికీ తనే వినాలనుకుంది పిట్ట. అది పిరికిది కాదు. కాపలా కాస్తోంది, తనకీ బండకీ కలిపి.

మర్నాటి నుంచి మోత ఆగింది. పీపా, హారను, పిస్తోలు గదిలో పెట్టి తాళం వేశాడు. మిగిలిన ఇరవై రోజుల్లో పని కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళ పనిలో ఆయనకు తెలియని పని అది.

పిట్టను ఒంటరిగా, ఎక్కకుండా, పగ్గం పట్టుకుని బయటికి నడిపించేవాడు. మొదట శాల గేటు దగ్గర గంటసేపు ఊరికే నిలబడడం. బస్సు బుసకొట్టినప్పుడల్లా జూలు మొదట్లో చేత్తో గోకుతూ, "నిదానం, పిట్టా, నిదానం" అనడం. అంతే. గుర్రానికి ఆ మాట అనడం ఆయనకు జీవితంలో మొదటిసారి. నాలుగో రోజున, బస్సు బుసకొట్టగానే అది గెంతకుండా ముందు ఆయన వైపు చెవి తిప్పింది. ఆ మాట కోసం చూస్తోంది. "నిదానం" అన్నాడు. తల దించింది. మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టూ చూసి, ఎవరూ గమనించలేదని తేల్చుకుని, తుడుచుకున్నాడు.

పదో రోజుకి కూడలి దాకా వెళ్ళారు. పన్నెండో రోజుకి ఎక్కి వెళ్ళాడు. తెల్ల గీతలు దాటింది. మురుగు మూత మీద డెక్క మోగితే ఆగి, మాట విని, నడిచింది. నలుగురూ ముక్కున వేలేసుకున్నారు. ఒంటరిగా ఉంటే పిట్ట నిక్షేపంలా నడుస్తోంది. బండ వెనక కడితే మాత్రం మళ్ళీ అదే కథ, ఒక చెవి రోడ్డు మీద, ఒక చెవి బండ మీద.

లాడాల బావ ఒక్కడికే ఆయన సంగతి చెప్పాడు. అతను ఈసారి నవ్వలేదు.

"చెప్పెయ్ బావా. పరీక్షలో ముందు వేరే గుర్రాన్ని పెట్టమని అడుగు."

"ఎందుకని అడుగుతారు."

"చెవుడని చెప్పు."

"చెబితే బండ లారీ ఎక్కుతుంది. నేను పోగొట్టిన చెవులకి అదెందుకు పోవాలి? పరీక్ష కానీ. పిట్ట గట్టెక్కాక, నేను పోయే రోజున అన్నీ చెప్పి, బండకి ఎక్కడో చోటు చూసి మరీ పోతాను."

"రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నావు."

"నిదానం బావా."

"ఆ మాట గుర్రానికి చెప్పుకో" అన్నాడు లాడాల బావ, సుత్తి సంచీలో పడేసి.

ఇందులో బండ మీద ప్రేమ ఎంతో, తన పేరు మీద ప్రేమ ఎంతో, విడదీసి చెప్పడం మాస్టారి వల్ల కూడా కాదు. ముప్పై ఏళ్ళ పేరు. ఇంకో నెల ఆగితే దండ వేసి పంపిస్తారు. ఆ నెల రోజులు ఎవరికీ తెలియకపోతే చాలని లోపల ఏదో మూల ఉండే ఉంటుంది.

పరీక్ష రోజు వచ్చింది. ఎండ బాగా ఉంది. బండ మీద దళాధికారి, చేతిలో కాగితాల అట్ట. వెనక పిట్ట మీద మాస్టారు. పిట్ట చెవులు తిరుగుతూనే ఉన్నాయి కానీ, ఆయన గొంతు వినబడ్డప్పుడల్లా కుదురుకుంటోంది. కూడలి దాటారు. బస్సుల వరస దాటారు. బట్టల దుకాణం అద్దం దాటారు. దళాధికారి వెనక్కి తిరిగి, "పరవాలేదే మాస్టారూ, మీ చేతి పనితనం పోలేదు" అన్నాడు. ఇక ఒక్క వీధి మిగిలింది. గట్టెక్కినట్టే అనుకున్నాడు మాస్టారు.

ఆ చివరి వీధిలో ఒక భవనం కడుతున్నారు. లోపల డ్రిల్లింగు మిషను నడుస్తోంది. ఆ రొదలో, రేకుల కంచె సందులోంచి మట్టి లారీ ఒకటి కీ కీ మంటూ వెనక్కి రావడం మొదలుపెట్టింది. దళాధికారి ఇంకా వెనక్కి తిరిగి మాస్టారితో మాట్లాడుతూనే ఉన్నాడు. చెవులున్న ఏ గుర్రమైనా అక్కడ ఆగిపోయేది. బండ హాయిగా నడుచుకుంటూ దాని దారిలోకి వెళ్ళింది.

పిట్ట విన్నది. మాస్టారు కళ్ళెం లాగేలోగా, నోరు తెరిచేలోగా, అది ముందుకి దూకి తన భుజంతో బండ పక్కటెముకల్ని గుద్దింది. బండ తూలి కాలిబాట ఎక్కింది. దళాధికారి జీను మీంచి ఎగిరి పూల దుకాణం బకెట్లలో పడ్డాడు. బండ నిలబడ్డ చోట లారీ వెనకభాగం వచ్చి ఆగింది. ఆ డ్రైవరు కిందికి కూడా చూడలేదు. మళ్ళీ ముందుకి పోయాడు.

దళాధికారి నీళ్ళోడుతూ, నెత్తిన రెండు గులాబీలతో లేచాడు. మామూలప్పుడైతే దళమంతా నెల రోజులు నవ్వుకునే దృశ్యం. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది. ఆయన చూసింది ఒక్కటే, వెనక గుర్రం వచ్చి ముందు గుర్రాన్ని గుద్దింది.

"దాని బుద్ధి చూపించుకుంది" అన్నాడు, అట్ట ఏరుకుంటూ. "ఏమంటారు మాస్టారూ?"

అప్పుడు చెప్పాలి. లారీ వచ్చింది సార్, బండకి వినబడలేదు సార్, ఇదే మిమ్మల్ని కాపాడింది సార్ అనాలి. నాలుగు మాటలు. మాస్టారు నోరు తెరిచాడు. ఎందుకు వినబడలేదని అడుగుతాడు, ఆ తర్వాతది, ఆ తర్వాతది, అన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు. పిట్ట ఆయన కింద వణుకుతూ, ఒక చెవి ఆయన వైపు తిప్పి, ఆ మాట కోసం చూసింది. దానికి కూడా ఏమీ చెప్పలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు దళాధికారి గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా చెప్పాడు. పిస్తోలు దగ్గర్నుంచి లారీ దాకా.

దళాధికారి తన మోచేతి కట్టు చూసుకున్నాడు. చెడ్డవాడేం కాదు. బండకి రోజూ తన చేత్తో చక్కెర తినిపించేవాడు.

"అంటే నిన్న అది నన్ను కాపాడింది."

"అవును సార్."

"బండకి చెవుడని మీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది సార్."

"నిన్న రోడ్డు మీద నేనడిగాను కదా మాస్టారూ, ఏమంటారని. నిన్న సాయంత్రం ఆరింటిదాకా ఆ కాగితం ఈ బల్ల మీదే ఉంది. మీరొచ్చి ఏదో ఒకటి చెబుతారని ఉంచాను. మీరు వెనకేసుకు రాని గుర్రం ఇంతవరకు లేదు కదా. మీరే రాకపోతే ఇక చెప్పేదేం లేదనుకుని సంతకం పెట్టి పైకి పంపాను."

"వెనక్కి తెప్పించలేరా సార్?"

"రాస్తాను. మీరు చెప్పిందంతా రాస్తాను, దాచను. కానీ ఆ కాగితంలో ఎందుకు గుద్దిందో రాసే గడి లేదు మాస్టారూ. గుద్దిందా లేదా అనేదొక్కటే ఉంది. బండ సంగతి రాయక తప్పదు. చెవుల గడి మాత్రం ఉంది."

అయిదో రోజున పైనుంచి జవాబు వచ్చింది. ఒక్కటే వాక్యం. రెండు గుర్రాల్నీ లారీలో పంపండి అని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మాస్టారు ఆ మిగిలిన రోజులన్నీ తిరిగాడు. పొలాలున్నవాళ్ళని అడిగాడు, స్వారీ నేర్పే బళ్ళని అడిగాడు. చెవిటి ముసలి గుర్రం ఎవరికీ అక్కర్లేదు. తోటి గుర్రాన్ని గుద్దిందని కాగితం మీద ఎక్కిన గుర్రాన్ని ఎవరూ గేటు లోపలికి రానివ్వరు. తన ఇంటి దగ్గరే ఉంచుకుంటానన్నాడు. రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. చెల్లెలు ఆయన్ని తిట్టి, తర్వాత తనే ఏడ్చింది. లాడాల బావ ఒక సాయంత్రం గట్టు మీద ఆయన పక్కన కూర్చుని, వేళాకోళం లేకుండా అన్నాడు:

"నేనా రేకు గోడకి సరిగ్గా ఆనించి ఉంటే పోయేది. ఆ రోజు జోకు వెయ్యకపోయినా పోయేది."

నిజమే. ఇంకో రెండు రోజులు ఎవరూ ఏమీ కనుక్కోకపోతే ఇరవై రెండో రోజు వచ్చేది, పిట్టకీ చెవులు పోయేవి, పరీక్షలో ఎటూ చూడకుండా నడిచి గట్టెక్కేది. దాని చెవులు మిగిల్చినందుకే అది లారీ ఎక్కుతోంది. మాస్టారు ఈ లెక్క ఎన్నోసార్లు వేసుకున్నాడు. ఎటునుంచి వేసినా అంతే వస్తోంది.

నెల మొదటి రోజు మధ్యాహ్నం లారీ వచ్చింది. ఆవరణలోకి కీ కీ మంటూ వెనక్కి వస్తుంటే అన్ని గుర్రాలూ పక్కకి తప్పుకున్నాయి. బండ దారిలోనే నిలబడి ఉంది. మాస్టారు వెళ్ళి మెడ మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి, ఆయన్ని గుర్తుపట్టి, వెంట నడిచింది. రేకు పలక మీంచి లారీలోకి ఎక్కింది. దానికి ఏ చప్పుడూ లేదు కదా.

పిట్ట ఎక్కనంది. పలక మీద డెక్క పెట్టగానే అది పీపాలా మోగింది. వెనక్కి గెంతింది. రెండోసారి తీసుకెళ్తే ముందు కాళ్ళెత్తింది. లోపల బండను చూసి సకిలించింది. బండ తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. లారీ డ్రైవరు సీటు వెనకనుంచి కర్ర తీశాడు.

"కర్ర వద్దు" అన్నాడు మాస్టారు. "నేను ఎక్కిస్తాను."

పగ్గం వదులుగా పట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు. జూలు మొదట్లో చెయ్యి పెట్టాడు. ఒళ్ళంతా వణుకుతోంది. ఒక చెవి ఆయన వైపు తిరిగింది. ఆ చెవిని చూస్తూ నిలబడ్డాడు. కర్ర ఉన్న మనిషి అడుగు ముందుకు వేశాడు.

"నిదానం, పిట్టా" అన్నాడు మాస్టారు. "నిదానం."

పిట్ట తల దించింది. ఆయన పక్కనే, అడుగు మీద అడుగు వేసుకుంటూ, మోగుతున్న పలక మీంచి నడిచి ఎక్కింది. నలభై రోజుల్లో ఏనాడూ అంత బాగా నడవలేదు. లోపలికి వెళ్ళి బండను ఒరుసుకుని నిలబడి, ఒక చెవి దాని వైపు, ఒక చెవి రోడ్డు వైపు పెట్టుకుంది.

మాస్టారు దిగాక డ్రైవరు పలక ఎత్తి గడియ వేశాడు.

"మంచి గుర్రమండీ," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఒక్క మాటకి ఎక్కేసింది. బాగా నేర్పారు."